కొత్తింటికి కేబుల్ నెట్: స్తంభం మీద తీగకు పర్మిషన్ ఎవరిది, ఇంట్లో బాక్సు యాడ పెట్టాల?

కల్లూరు_కొత్తిల్లు (కర్నూలు)
అందరికీ నమస్కారం. మాది హంద్రీ అవతల కల్లూరు వైపు కొత్త లేఅవుటు. కింద మేము, పైన బాడుగకు ఇచ్చినాం. గృహప్రవేశం అయిపోయింది గానీ నెట్టు కాడ ఆగిపోయినాం. మా ఇంటామె ఇంటి నుంచే పని చేస్తాది. సెల్లు డేటాతో ఎన్నాళ్లని నెట్టుకొస్తాం?

వీధిలో టీవీ కేబుల్ ఇచ్చే ఆయనే నెట్టు గూడా ఇస్తానంటాడు. కరెంటు స్తంభాల మీద తీగ లాగి, మా మేడకు కొక్కెం కొట్టి, ఆడ నుంచి వెనక వీధికి గూడా పోనిస్తాడంట. ఇంకో కంపెనీ వాళ్లు వచ్చి చూసి "ఈ వీధిలోకి మాకు దారి లేదు సార్" అని పోయినారు. కాలనీ సంఘం ప్రెసిడెంటేమో కొత్త స్తంభం పాతితే ఒప్పుకోనంటాడు. మొన్న కరెంటు లైను మనిషి వచ్చి "స్తంభం మీద ఇంకో తీగ కనపడితే కోసి పడేస్తా" అని చెప్పి పోయినాడు.

వీళ్లలో ఎవరి మాట చెల్లుతుంది? నేనేమన్నా అర్జీ పెట్టుకోవాల్నా? టీవీది ఉంటుంది చూడండి, నల్ల తీగ, దాంట్లోనే నెట్టు మంచిదా, ఫైబరా? బాక్సు టీవీ కింద పెడతానంటాడు, సరేనా?

రూల్‌బుక్కు
ముందు ఆ అర్జీ భయం వదిలేయండి. ఇంటికి ఇంటర్నెట్ పెట్టించుకోడానికి మీరు ఏ ఆఫీసు మెట్లూ ఎక్కక్కర్లేదు. గుర్తింపు కార్డు, చిరునామా రుజువు, ఫారం మీద సంతకం. మీ వంతు అంతే. మిగతా పర్మిషన్లన్నీ తీగ లాగేవాడి తలనొప్పి.

కానీ ఆ లాగేవాడి కాగితాలు మీరు అడగొచ్చు, అడగాలి కూడా. టీవీకి, నెట్‌కి ఒకే లైసెన్సు అనుకుంటారు చాలామంది. కాదు. టీవీ కేబుల్‌కి 1995 నాటి కేబుల్ టెలివిజన్ నెట్‌వర్క్స్ చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉంటుంది. ఏళ్ల తరబడి అది హెడ్ పోస్టాఫీసులో చేసేవాళ్లు, 2025 జనవరి నుంచి సమాచార ప్రసార శాఖ బ్రాడ్‌కాస్ట్ సేవా పోర్టల్లోకి మారింది. ఆ కాగితం పట్టుకుని ఇంటర్నెట్ అమ్మడం కుదరదు. దానికి ఇంటర్నెట్ అమ్మే కంపెనీలకు టెలికాం శాఖ ఇచ్చే ఐఎస్‌పీ లైసెన్సు వేరే ఉండాలి. అందులో ఎ కేటగిరీ అంటే దేశమంతా, బి అంటే ఒక సర్కిల్ (ఇంచుమించు ఒక రాష్ట్రం), సి అంటే ఇంచుమించు ఒక జిల్లా. మీ వీధి ఆయనకు సొంత లైసెన్సు లేకపోయినా పెద్ద ఐఎస్‌పీ కింద ఫ్రాంచైజీగా ఉండొచ్చు, అందులో తప్పేం లేదు. అయితే బిల్లు ఆ ఐఎస్‌పీ పేరు మీద, 18 శాతం జీఎస్టీ చూపించి రావాలి. నోటుపుస్తకంలో టిక్కు పెట్టుకుని పోయేవాడైతే రేపు గొడవొచ్చినప్పుడు ఎవరి మీద ఫిర్యాదు రాస్తారు?

బుగ్గవంక_బాబు (కడప)
నోటుపుస్తకంలో టిక్కే మా వీధిలో ఏండ్ల నుంచి నడుస్తాంది సామీ. మనిషి మాత్రం ఒకటో తేదీ తప్పడు.

ఎర్రలైటు
మాది కేబుల్ కుటుంబం. నాయన పెట్టినాడు, ఇప్పుడు నేను చూస్తాండా. ఊరు పేరు చెప్పను గానీ ఈ మూడు జిల్లాల్లోనే. ఆపరేటర్ అంటే దొంగ అన్నట్టు మాట్లాడతారు కాబట్టి మా వైపు కత గూడా వినండి.

మెయిన్ ఫైబరు ఒక ఏరియాలోకి తెచ్చుకోవాలంటే ఎంతమందిని దాటాలో చూడండి. కార్పొరేషన్ రోడ్డు తవ్వాలంటే వాళ్ల పర్మిషను, తవ్విన రోడ్డు మళ్లా బాగుచేసే డబ్బు ముందే కట్టాల. 44వ నంబరు హైవే దాటాలంటే హైవే వాళ్లు. రైలు పట్టా కింద పోవాలంటే రైల్వే. కర్నూల్లో అయితే నడి ఊర్లో కేసీ కాలువ, దాన్ని దాటాలంటే ఇరిగేషన్. ఒక్కో ఆఫీసుకు ఒక్కో ఫారం, ఒక్కో డ్రాయింగు. ఒకరు సరే అన్నాక ఇంకొకరు ఆపితే ముందు కట్టింది ఆడనే ఇరుక్కుంటాది. అందుకే అందరూ కరెంటు స్తంభం వైపు చూసేది. సర్కారు ఏపీ ఫైబర్‌నెట్ గూడా అంతే. 2017 డిసెంబరులో రాష్ట్రపతి కోవింద్ గారి చేత మొదలుపెట్టించి, నెలకు 149 రూపాయలకు టీవీ, ఫోను, నెట్టు అన్నారు. ఆ తీగ రాష్ట్రమంతా పోయింది ప్రధానంగా కరెంటు స్తంభాల మీదనే. భూమి తవ్వుకుంటూ పోయింటే ఎప్పటికి అయ్యేది? చివర ఇంటింటికీ ఇచ్చింది మళ్లా మాలాంటి లోకల్ ఆపరేటర్లే.

ఇంక "ఈ వీధిలోకి దారి లేదు" అన్నాడే, అది పర్మిషను కత కాదు. ఈ వీధి నీది, ఆ వీధి నాది అని మా మధ్య ఉండే మాట.

రూల్‌బుక్కు
@ఎర్రలైటు నిజం ఒప్పుకున్నందుకు సంతోషం. కొత్తిల్లు గారూ, ఆ "మాట"కు చట్టంలో చోటు లేదు. ఏ లైసెన్సులోనూ వీధులు పంచి ఇవ్వరు.

స్తంభాల విషయానికొస్తే, 2016 నవంబరులో కేంద్రం రైట్ ఆఫ్ వే (తీగలకు దారి ఇచ్చే) నియమాలు తెచ్చింది. దరఖాస్తుకు 60 రోజుల్లో జవాబు రాకపోతే అనుమతి ఇచ్చినట్టే అన్నది అప్పుడొచ్చిందే. 2022 సవరణలో వీధి స్తంభాల మీద కేబుల్ లాగితే ఒక్కో స్తంభానికి ఏడాదికి 100 రూపాయలు అని లెక్క పెట్టారు. ఈ అనుమతులకు దరఖాస్తు పెట్టే గతిశక్తి సంచార్ పోర్టల్ వచ్చిందీ ఆ ఏడాదే. తర్వాత 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం, దాని కింద కొత్త రైట్ ఆఫ్ వే నియమాలు 2025 జనవరి 1 నుంచి అమల్లో ఉన్నాయి. వీటిలో ఎక్కడా దరఖాస్తుదారు మీరు కాదు. లైసెన్సున్న కంపెనీ. మీ ఆపరేటర్‌ని "స్తంభాలకు డిస్కంతో (కరెంటు పంపిణీ సంస్థతో) అగ్రిమెంటు ఉందా, ఎవరి పేరు మీద" అని ఒక్క మాట అడగండి. ఉన్నవాడు చూపిస్తాడు. లేనివాడు మాట మారుస్తాడు.

స్తంభాలెక్కినోడు
కరెంటు డిపార్టుమెంటులో ఉద్యోగమంతా స్తంభాల మీదే గడిపి రిటైరయ్యాను. ఆ లైను మనిషి మాట మీకు మొరటుగా తోచి ఉంటుంది. అతని బాధ కూడా కాస్త వినండి.

ఇంటికొచ్చే ఫైబర్ డ్రాప్ కేబుల్ చేతిలోకి తీసుకుని చూడండి. గాజు పోగు వెంట్రుకంత ఉంటుంది. బరువు మోయడానికి పక్కనే ఒక ఉక్కు తీగ అంటి ఉంటుంది. పాత కోయాక్స్ అనే నల్ల టీవీ తీగ‌కు కూడా జీఐ ఇనుప తీగ కట్టి లాగుతారు. పైన కరెంటు తీగ తెగి ఆ ఉక్కు మీద పడిందనుకోండి, ఆ తీగ ఎంత దూరం పోతే అంత దూరం కరెంటు పారుతుంది. గాజులో పారదు, ఉక్కులో పారుతుంది. స్తంభం ఎక్కేటప్పుడు నడుము బెల్టు వేసుకునే చోట చుట్టలు చుట్టలుగా మిగులు తీగ వేలాడదీసి పోతారు. ఎవరిదో పేరు చీటీ ఉండదు. ఫోను చేద్దామంటే ఎవరికి చేయాలి? అందుకే కోస్తారు.

2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపులో రథానికి కరెంటు తగిలి ఐదుగురు పోయారు. ఆ తర్వాత అక్కడ స్తంభాల మీది కేబుళ్లు వీధులు వీధులుగా కోసేశారు. సంగతి హైకోర్టు దాకా పోయింది. మన దగ్గర వినాయక చవితి ముందు చూడండి. విగ్రహాలు ఘాట్‌కు పోయే దారిలో కిందికి వేలాడే తీగలన్నీ కర్రలతో లేపుతారు, లేపలేనివి తెంపుతారు. నిమజ్జనం మర్నాడు సగం ఊరికి నెట్ ఉండదు.

మీరు చేయాల్సింది చిన్న పని. కరెంటు తీగలకు బాగా కిందుగా, వీధిలో లారీకి తగలనంత ఎత్తులో కట్టమనండి. ఆపరేటర్ పేరు, నంబరు ఉన్న ట్యాగు వేయమనండి. ఇంటి గోడ దగ్గర ఉక్కు తీగను కొక్కేనికి బిగించి అక్కడే తుంచేయాలి, ఫైబర్ ఒక్కటే లోపలికి రావాలి. ఉక్కుతో సహా కన్నంలోంచి హాల్లోకి తెస్తే మాత్రం ఒప్పుకోవద్దు.

కల్లూరు_కొత్తిల్లు
పెద్దాయనా, దండాలు. ఈ ఉక్కు తీగ సంగతి మాకెవరూ చెప్పలేదు. మీటరు కాడ ఆ లైనాయన్ను కూచోబెట్టి టీ ఇచ్చి మాట్లాడతా. సంఘం సంగతి చెప్పండి ఎవరైనా. ప్రెసిడెంటు కాదంటే ఇంక కుదరదా?

అనంత_అప్పా (అనంతపురం)
సంఘం సంగతి రూల్ సారు చెప్తాడు గానీ, ఆ నల్ల తీగ గురించి నేను చెప్తానప్పా. మా రాంనగర్ ఇంట్లో కోయాక్స్ నెట్టు చాన్నాళ్లు వాడినాం. పగలంతా బాగుంటుంది, సాయంత్రం ఏడయితే కతమ్. ఆపరేటర్ మనిషి వచ్చినప్పుడల్లా మోడెం ఆపి మళ్లా వేసి పోతాడు. దానికి నేనూ చాలు.

కడాకు మోడెం లోపలి పేజీ తెరిచి చూస్తే డౌన్‌స్ట్రీమ్ పవర్, అంటే మోడెంకు వచ్చే సిగ్నలు బలం, మైనస్ 13 డీబీఎంవీ. అది మైనస్ 8, ప్లస్ 8 మధ్య ఉంటే మేలు, మైనస్ 15 దాటితే ఇంక లెక్కలోకే రాదు. ఎందుకంత పడిపోయిందని తీగ పట్టుకుని పోతే, మేడ మీద ఒక స్ప్లిటర్ (ఒక తీగను రెండుగా చీల్చే డబ్బా), అది దిగి వచ్చి మెట్ల కింద ఇంకోటి, టీవీ వెనక మూడోది. రెండు దారుల స్ప్లిటర్ ఒక్కోటి మూడున్నర డీబీ మింగుతాది. మూడో దాని మీద టీవీకి మాత్రమే అని రాసి ఉంది, నెట్టు సిగ్నలు వెనక్కి పోవాల్సిన తక్కువ ఫ్రీక్వెన్సీలు దాంట్లోంచి సరిగా పోవు. ఎఫ్ కనెక్టర్ ఊడదీస్తే లోపల రాగి కొన పచ్చగా తుప్పు, చుట్టూ అల్లిక పోగు ఒకటి వచ్చి మధ్య తీగను తాకుతాంది. అదే అసలు జబ్బు. మేడ మీద ఒక్క స్ప్లిటరే ఉంచి, ఒక కాలు నేరుగా మోడెంకి, రెండోది టీవీలకి ఇప్పించినాం. ప్లస్ 1కి వచ్చింది.

కోయాక్స్‌లో ఇంకో తిప్పలుంది. మా ఇల్లు బాగున్నా చాలదు. పక్కింట్లో జాయింటు వదులుగా ఉన్నా బయటి రొద తీగలోకి దూరి, వీధి మురుగంతా ఒకే కాలవలో చేరినట్టు ఆపరేటర్ కాడికి చేరుతాది. దెబ్బ అందరికీ. ఫైబరు ఇస్తానంటే కండ్లు మూసుకుని ఫైబరే తీసుకో.

మోడరేటర్
ఆపరేటర్ల పేర్లు, ఫోన్ నంబర్లు పెట్టిన పోస్టులు తీసేశాను. ఒకే కనెక్షన్‌ను పై వాటాకు అమ్ముకోవడం ఎలా అన్న ప్రశ్న కూడా. బాడుగకున్న వాళ్లు వాళ్ల పేరు మీద వాళ్లు తీసుకుంటారు. మీ లైన్లో వాళ్లేం చేసినా పోలీసులు ముందు వచ్చేది మీ ఇంటికే.

రూల్‌బుక్కు
సంఘం గురించి. అప్రూవ్డ్ లేఅవుటైతే రోడ్లు, పార్కు స్థలం గిఫ్ట్ డీడ్ మీద స్థానిక సంస్థకు రాసిచ్చేస్తారు. అప్పుడా రోడ్డు మున్సిపాలిటీది. స్తంభం పాతడానికి అవునన్నా కాదన్నా ప్రెసిడెంటు గారికి అధికారం లేదు, అభిప్రాయం ఉంటుంది. అది విని గౌరవించొచ్చు. గేటు పెట్టుకుని రోడ్లు తమ చేతిలోనే ఉంచుకున్న కాలనీ అయితే వేరే సంగతి. అది ప్రైవేటు స్థలం, యజమానులతో ఒప్పందం కావాలి. మీ మేడ కూడా ప్రైవేటు స్థలమే సుమా. వెనక వీధికి తీగ పోనివ్వాలా వద్దా అన్నది పూర్తిగా మీ ఇష్టం.

బుగ్గవంక_బాబు
ఇంత చర్చెందుకు, టెలికాం కంపెనీల మీద పెత్తనం చేసే ట్రాయ్‌కి ఒక మెయిలు కొడితే దిగొస్తారు గదా?

రూల్‌బుక్కు
ట్రాయ్ ఒక్కొక్కరి ఫిర్యాదు తీసుకోదు. ముందు ఐఎస్‌పీ కాల్ సెంటర్లో ఫిర్యాదు పెట్టి, దాని డాకెట్ నంబరు (ఫిర్యాదు నంబరు) తీసుకోవాలి. తేలకపోతే అదే కంపెనీలో అప్పిలేట్ అథారిటీ. ఇవి 2012 నాటి ట్రాయ్ నిబంధనలే. అక్కడా కాకపోతే వినియోగదారుల కమిషన్. టెలికాం గొడవలు అక్కడ చెల్లవని కంపెనీలు వాదించేవి, 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెల్లుతాయని తేల్చేసింది. 1915కి ఫోన్ చేసినా నమోదు చేసుకుంటారు. అయితే "స్పీడు రాలేదు" అన్న ఒక్క మాట మీద ఎక్కువ ఆశ పెట్టుకోకండి. 2023 జనవరి నుంచి బ్రాడ్‌బ్యాండ్ అంటే కనీసం 2 ఎంబీపీఎస్ అని నిర్వచనం. వంద అని చెప్పి ఇరవై ఇచ్చినా అది బ్రాడ్‌బ్యాండే. ప్లాన్ కాగితం, స్పీడ్ టెస్ట్ స్క్రీన్‌షాట్లు, రసీదులు ఉన్నవాడి కేసే నిలబడుతుంది.

సీమ_సర్వర్ (కడప నుంచి వర్క్ ఫ్రమ్ హోం)
బాక్సు గురించి ఎవరూ చెప్పలేదు. టీవీ కింద వద్దు. చాలామంది ఆపరేటర్లు అక్కడ పెట్టేది వాళ్లకు తీగ కలిసొస్తుందని, మీ సిగ్నల్ కోసం కాదు. మా అమ్మ వాళ్లది పాత ఇల్లు, మూరెడు మందం రాతి గోడలు, 5 గిగాహెర్ట్జ్ వైఫై ఒక్క గోడ కూడా దాటదు. మీది కొత్తిల్లు కాబట్టి ఇటుక గోడలే అనుకుంటా, అయినా మేడమ్ కూచుని పని చేసే గదిలోనే బాక్సు పెట్టించండి, ల్యాప్‌టాప్‌కి నేరుగా ల్యాన్ తీగ ఇవ్వండి. హాల్లో టీవీకి వైఫై చాలు.

ఆఫీసు పని ఉంది కాబట్టి అప్‌లోడ్ ఎంత అని అడగండి. చాలామంది డౌన్‌లోడ్ ఒక్కటే చెప్తారు. ఇంటి సీసీ కెమెరాలు బయట నుంచి చూడాలంటే పబ్లిక్ ఐపీ (బయట నుంచి నేరుగా చేరగల మీ సొంత నెట్ అడ్రసు) ఇస్తారా అని కూడా. చిన్న ఐఎస్‌పీలు ఎక్కువగా వందల ఇళ్లకు ఒకే ఐపీ వెనక నడిపిస్తాయి. ఆఫీసు వీపీఎన్‌కు మామూలుగా ఇబ్బంది రాదు, కెమెరాకే వస్తుంది.

ఎర్రలైటు
కరెంటు పోయినప్పటి సంగతి గూడా కలపండి. కోయాక్స్ అయితే వీధిలో యాంప్లిఫయర్లకు కరెంటు కావాల. మీ ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నా వీధిలో పోతే నెట్టు పోతాది. ఇంటింటికీ ఇచ్చే జీపాన్ ఫైబరులో మధ్యలో ఉండేది గాజు స్ప్లిటరే, దానికి కరెంటు అక్కర్లేదు. మా కంట్రోల్ రూములో బ్యాటరీ, మీ ఇంట్లో 12 వోల్టుల చిన్న యూపీఎస్ ఉంటే చాలు.

ఇంకోటి. మేడ మీద నుంచి వెనక వీధికి పోనిస్తానన్నాడే, తీగ ఒక్కటే అయితే సరే. డబ్బా పెట్టి దానికి మీ మీటరు నుంచి ప్లగ్గు అడిగితే వద్దని చెప్పండి. మావాళ్లు కొందరు మేడల మీద నెట్టు పంచే స్విచ్ డబ్బా పెట్టి నీలం ల్యాన్ తీగలు ఇంటింటికీ వేలాడదీస్తారు. వంద మీటర్లు దాటితే అది పని చేయదు, ఉరుములు మెరుపులు వస్తే పోర్టులన్నీ కాలిపోతాయి.

కల్లూరు_కొత్తిల్లు
అప్‌డేట్. అగ్రిమెంటు కాగితం అడిగితే మొదట నవ్వినాడు. తర్వాత ఐఎస్‌పీ పేరు మీదున్న జిరాక్సు తెచ్చినాడు, దాంట్లో మా సెక్షన్ స్తంభాలు ఉండాయి. లైనాయనకు చూపిస్తే "ట్యాగు కట్టి, చుట్టలు తీసేస్తే నాకేం పని" అన్నాడు. సంఘం ప్రెసిడెంటుకు కొత్త స్తంభం లేదని తెలిసి చల్లబడినాడు. వెనక వీధికి తీగ పోనివ్వడానికి ఒప్పుకున్నా, కాకపోతే మేము అడిగినప్పుడు తీసేయాలని తెల్ల కాగితం మీద రాయించుకున్నా.

ఫైబరే వేసినారు. పెద్దాయన చెప్పినట్టే ఉక్కు బయట కొక్కెం కాడ తుంచినారు. కన్నం బయటి వైపుకు వాలుగా కొట్టమన్నా, వాన నీళ్లు లోపలికి రాకుండా. తీగకు గోడ పక్కన కిందికి ఒక వంపు గూడా ఇచ్చినాడు పిల్లోడు, చెప్పకుండానే. ఫైబరులో సిగ్నలు ఎంతొస్తాందో మీటరు పెట్టి చూసి మైనస్ 24 అన్నాడు. పని గదిలో పెట్టించినాం. మైనస్ 24 అంటే బాగున్నట్టేనా?

ఎర్రలైటు
నడుస్తాది. బాక్సు మైనస్ 27 దాకా పట్టుకుంటాది. కానీ కొత్త లైనుకు 24 అంటే నాకు నచ్చలేదు, 20, 21 ఉండాల. ఎండాకాలం పోయి రెండు జాయింట్లు పాతబడితే సిగ్నలు చాలక బాక్సు మీద ఎర్ర లైటు వెలుగుతాది. బాక్సులో గుచ్చిన కనెక్టరు రంగు చూడు. బాక్సు సాకెట్టు ఆకుపచ్చగా ఉండి కనెక్టరు నీలంది గుచ్చినాడా?

కల్లూరు_కొత్తిల్లు
సాకెట్టు పచ్చది. గుచ్చింది నీలంది!

ఎర్రలైటు
అదే. పచ్చదాని కొన ఏటవాలుగా కోసి ఉంటుంది, నీలందానిది చదునుగా. రెండూ సరిగా ఆనవు, మూడు డీబీ ఆడనే పోయింటాది. పచ్చ కొన ఉన్న ప్యాచ్ తీగ తెమ్మని ఫోను చెయ్. దానికి డబ్బులడిగితే ఇవ్వాకు.

స్తంభాలెక్కినోడు
వచ్చినప్పుడు స్తంభం మీద ట్యాగు కట్టాడా లేదా అది కూడా చూసుకోండి. లైను మనిషి కట్టమన్నాడని మాత్రమే రాశారు.